శివశివా అనని చలి

దీపావళికి దీపమంత చలి, సంక్రాంతికి చంక ఎత్తనివ్వని చలి, శివరాత్రికి శివశివా అంటూ వెళ్ళిపోయే చలి. మా నాయనమ్మ చలికాలం మొత్తాన్ని ఈ మూడు ముక్కల్లో తేల్చి పారేసేది. విజయనగరంలో ఆ లెక్క పెద్దగా తప్పినట్టు నాకు గుర్తు లేదు. మాఘమాసంలో తెల్లవారుజామున వీధి చివరి దీపం కనబడనంత మంచు, తొమ్మిదింటికల్లా వీపు చురుక్కుమనిపించే ఎండ, పెరట్లో మామిడి కింద రాలిన పూత. శివరాత్రి జాగారం నాటికి కాళ్ళ దగ్గర దుప్పటి ఉందంటే అది అలవాటు కొద్దీ ఉన్నట్టే. అక్కడ చలి చెప్పి వచ్చి, చెప్పి వెళ్ళే చుట్టం.

నేనుంటున్న డాలస్‌లో ఈ చుట్టానికి మర్యాద తెలియదు. నవంబరులో ఒకసారి తలుపు తట్టి వెళ్ళిపోతుంది. క్రిస్మస్ నాడు చొక్కా చేతులు మడుచుకుని తిరుగుతాం. ఇక వెళ్ళిపోయిందిలే అని ఉన్ని బట్టలు అటక మీద పెట్టిన మర్నాడు పెట్టే బేడాతో దిగుతుంది. ఫిబ్రవరి నెలలో అయితే మా ఇంట్లో వాతావరణ సూచనను నమ్మడం మానేసి దోసెల పిండిని నమ్ముతాం. ఒక రాత్రి పిండి పొంగి గిన్నె దాటి గట్టు మీదికి కారుతుంది. మర్నాటి రాత్రి అదే పప్పు, అదే బియ్యం, అదే గిన్నె. తెల్లవారేసరికి రుబ్బినది రుబ్బినట్టే నిద్రపోతూ ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి ఓవెన్‌లో పెట్టి, లోపలి దీపం వెలిగించి, పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకోవాలి. అమెరికాలో కాపురం చేసిన తెలుగువారిలో ఈ దీపారాధన చేయనివారు అరుదు.

ఈ ఊరికి ఇంత చపలత్వం ఎందుకని వచ్చిన కొత్తలో ఆశ్చర్యపోయేవాణ్ణి. కారణం పటంలోనే ఉంది. మనకు ఉత్తరాన హిమాలయాలు అడ్డుగోడలా నిలబడి సైబీరియా గాలిని అటే ఆపేస్తాయి. ఇక్కడ అలా అడ్డుగోడలా తూర్పు పడమరలుగా సాగే పెద్ద పర్వతశ్రేణి లేదు. రాకీ పర్వతాలు ఉత్తర దక్షిణాలుగా ఉండి, కెనడా నుంచి దిగే చలిగాలికి అడ్డు రాకపోగా పక్కన నిలబడి దారి చూపిస్తాయి. ఉత్తర ధ్రువానికీ తమకూ మధ్య ఉన్నది ఒక్క ముళ్ళకంచె మాత్రమేనని టెక్సాస్ రైతులు హాస్యమాడుతూ ఉంటారు. దక్షిణాన మెక్సికో సింధుశాఖ నుంచి వెచ్చటి, తేమగల గాలి వస్తూ ఉంటుంది. ఉత్తరం నుంచి బరువైన చలిగాలి నేలబారున దూసుకువచ్చి ఆ వెచ్చటి గాలి కిందికి చీలలా దిగుతుంది. దీన్ని ఇక్కడివారు బ్లూ నార్దర్ అంటారు. ఉత్తరాన ఆకాశం ముదురు నీలంగా మారుతుంది కనుక ఆ పేరని కొందరు, అది వచ్చాక మనుషులు నీలంగా మారతారు కనుకనని కొందరు. 1911 నవంబరు 11న ఇలాంటి గాలి ఒకటి వచ్చి ఓక్లహోమా నగరంలో ఒకే రోజున 83 డిగ్రీల ఎండనూ, 17 డిగ్రీల చలినీ చూపించిందట. (ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలో 28, మైనస్ 8. ఇన్నేళ్ళయినా ఈ ఫారెన్‌హీట్ నాకు పరాయి భాషే. ముప్పైరెండు తీసి, అయిదుతో పెట్టి తొమ్మిదితో కొట్టి అర్థం చేసుకునేలోగా చలి వేయనే వేస్తుంది.)

ఈ గాలికి మోసపోవడంలో మనుషులకన్నా చెట్లు ముందుంటాయి. మా వీధి పొడుగునా బ్రాడ్‌ఫర్డ్ పియర్ చెట్లు ఉన్నాయి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, ఆకు వేయకుండానే ఒళ్ళంతా తెల్లటి పూలు పూసి నిలబడతాయి. చూడ్డానికి పెళ్ళిపందిరి, వాసన మాత్రం చేపల బజారు. మరో వారానికి చలి దెబ్బ తగిలి పూలన్నీ టీ మరకల రంగుకు తిరుగుతాయి. ఏటా ఇదే తంతు. దీనికి పూర్తిగా వ్యతిరేకం మెస్కీట్ అనే ముళ్ళ చెట్టు. అది చిగర్చేదాకా చలి పోయినట్టు కాదని పశువులు కాసుకునే పాతకాలపు టెక్సాస్ వాళ్ళ నమ్మకం. ఈ మెస్కీట్ మనకు పరాయిది కాదు. మన రైలు కట్టల వెంట, చెరువు గట్ల మీద పిచ్చిగా పెరిగే సర్కారు తుమ్మకు దాయాది. దసరా నాడు మనం మొక్కే జమ్మినీ, సర్కారు తుమ్మనూ, ఈ మెస్కీట్‌నూ వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం ప్రోసోపిస్ అనే ఒకే ప్రజాతి కింద లెక్కపెట్టారు. ఈ సంగతి తెలిసిన రోజున నాకు ఆ చెట్టు మీద ఎక్కడ లేని అభిమానం కలిగింది. పరాయి దేశంలో మేనత్త కొడుకు ఎదురుపడినట్టనిపించింది.

ఇంతకీ చెప్పదలుచుకున్నది గత శనివారం నాటి సంగతి.

పొద్దున్నుంచీ దక్షిణపు గాలి. మధ్యాహ్నం మూడింటికి 81 డిగ్రీలు. పిల్లలందరికీ ఏవో పోటీలు, పుట్టినరోజులు. పెద్దవాళ్ళమే కలిసి చాలా రోజులైందని, ప్లేనోకూ ఫ్రిస్కోకూ మధ్య కొత్తగా తెరిచిన తెలుగు భోజనశాలకు సాయంత్రం వెళ్దామనుకున్నాం. నేను, మా ఆవిడ, నిజామాబాదు అన్న, అమలాపురం దంపతులు, బాపట్ల మిత్రుడు. పేర్లు రాయడం వారికి ఇష్టం ఉండదు. అయినా మాలో మేము కూడా ఊరి పేర్లతోనే పిలుచుకుంటాం. అమలాపురం ఆయన మా అందరికీ బావగారు. ఏ చుట్టరికమూ లేదు. ఆయన మాట తీరు వింటే బావగారని కాక మరో విధంగా పిలవబుద్ధి కాదు, అంతే.

2008లో నేను ఈ ఊరికి వచ్చినప్పుడు మన వంట తినాలంటే ఇర్వింగ్ దాకా వెళ్ళేవాళ్ళం. అక్కడా దొరికేది దోసెలూ, పంజాబీ కూరలూను. ఇప్పుడు ప్రతి నాలుగు రోడ్ల కూడలిలోనూ, గోళ్ళకు రంగులు వేసే దుకాణానికీ పళ్ళ డాక్టరుకూ మధ్య ఒక తెలుగు పేరు కనబడుతుంది. ఉలవచారు, చిట్టిముత్యాల పలావు, నాటుకోడి, గోంగూర మాంసం. కారం ఎంత వేయాలో ముందే అడుగుతారు. తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని చెప్పి, కాస్త ఆగి, మన మొహం చూసి, ఇండియన్ కారం అని నాలుగోది కూడా చెబుతారు. శనివారం సాయంత్రం కనుక లోపల బల్లలు నిండిపోయాయి. బయట వరండాలో ఖాళీ ఉంది. ఇంత చక్కటి సాయంత్రం లోపలెందుకని బయటే కూర్చున్నాం.

బాపట్ల మిత్రుడు ఒక్కరే వచ్చారు. పొట్టి చేతుల చొక్కా. "వదినగారు రాలేదేమండీ?" అని బావగారి భార్య అడిగారు. తలనొప్పి అన్నారు. అంతకు మించి ఎవరూ అడగలేదు. మాటలు ఎప్పటిలాగే ఎండ గురించి మొదలయ్యాయి. ఈ ఏడు చలి పోయినట్టేనని బావగారు, నమ్మవద్దని నేను. మెస్కీట్ కథ ఆరోసారి చెప్పబోతుంటే మా ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది.

ఆరున్నర ప్రాంతంలో దక్షిణపు గాలి ఆగిపోయింది. ఆగిందని ఎవరూ అనలేదు గాని, అందరం ఒక్కసారి తలెత్తి చూశాం. బల్ల మీద కాగితపు రుమాళ్ళు కదలడం మానేశాయి. ఉత్తరాన, పెట్రోలు బంకు పైన, గీత గీసినట్టు ముదురు మబ్బు అంచు ఒకటి కనబడింది. అయిదు నిమిషాలు గడిచాయో లేదో అటు నుంచి గాలి కొట్టింది. రుమాళ్ళు ఎగిరి పార్కింగులో పడ్డాయి, పక్క బల్ల మీది గొడుగు పక్కకు వాలింది, బావగారి భార్య చీర కొంగు అప్పడాల బుట్ట మీదుగా పోయింది. ఆ గాలిలో దుమ్ము వాసనా, ఎక్కడిదో మంచు వాసనా కలిసి ఉన్నాయి. వడ్డించే కుర్రాడు పరుగున వచ్చి, లోపల ఒక బల్ల ఖాళీ అయిందని, నీళ్ళ గ్లాసులు తానే పట్టుకుని మమ్మల్ని లోపలికి నడిపించాడు.

లోపల కూర్చున్నాక గమనించాను, బాపట్ల మిత్రుడు మెనూ చదువుతున్నారు. ఆయన మెనూ చదవగా నేనెన్నడూ చూడలేదు. వస్తూనే "ముందు అందరికీ రెండు వేపుళ్ళు పెట్టండి, తరవాత చూద్దాం" అనే మనిషి. నా కన్నా ముందే నిజామాబాదు అన్న పట్టుకున్నారు.

"ఏంది తమ్మీ, ఇవ్వాళ మెనూ చదువుతున్నవ్? ఎన్నడన్న చదివినవా?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. అన్న ఊరుకునే మనిషి కాదు. "మీ కంపెనీల మనుషులను తీస్తున్నరని విన్న. నిజమేనా?"

"నిజమే అన్నా. నన్ను తీసి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు."

అదే క్షణంలో వడ్డించే కుర్రాడు కాగితం, కలం పట్టుకుని వచ్చి, బిర్యానీలో కారం ఎంత వేయించమంటారని అడిగాడు. ఎవరమూ పలకలేదు. వాడు నాలుగు రకాలూ వివరంగా చెప్పాడు. చివరికి బాపట్ల మిత్రుడే, "ఇండియన్ కారమే వెయ్యి బాబూ" అన్నారు.

స్వదేశంలో ఉన్న మిత్రుల కోసం ఈ రోజుల లెక్క చెప్పాలి. హెచ్-1బి మీద పనిచేసేవారికి ఉద్యోగం పోతే అరవై రోజుల గడువు ఉంటుంది. 2017 జనవరి నుంచి ఈ నిబంధన ఉంది. అంతకుముందు ఆ మాత్రం కూడా రాసి లేదు. ఆ అరవై రోజుల్లో మరో సంస్థ ఆయన పేర దరఖాస్తు పెట్టాలి, లేదా ఆయనే సందర్శకుడిగా మారతానని దరఖాస్తు చేసుకోవాలి, లేదా వెళ్ళిపోవాలి. వీసా కాగితం మీద గడువు అంతకన్నా ముందే ముగిస్తే అరవై కూడా ఉండవు. పచ్చకార్డు ఉంటే ఈ బాధ లేదు. కాని ఉద్యోగాల కోటాలో ఏడాదికి సుమారు 1,40,000 కార్డులు, ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతం మించకూడదు. మన దేశం నుంచి నిలబడిన వరుస ఎంత పొడుగో చెప్పనక్కరలేదు. నేను 2010లో వరుసలో నిలబడితే 2021లో చేతికి వచ్చింది. ఆయన 2014లో నిలబడ్డారు. ఆయనకూ నాకూ ప్రతిభలో తేడా ఉంటే అది ఆయన పక్షానే ఉంది. తేడా అల్లా నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళ వల్ల ఆ రోజున నేను బిర్యానీ గురించి ఆలోచించగలిగాను, ఆయన తేదీల గురించి ఆలోచిస్తున్నారు. పెద్దమ్మాయి రెండేళ్ళ పిల్లగా గుంటూరు ఆసుపత్రి టీకాల పుస్తకంతో ఇక్కడికి వచ్చింది. ఇప్పుడు పదకొండో తరగతి.

ఇక బల్ల చుట్టూ సలహాల వర్షం. "వకీలును కలిశారా లేదాండీ? అలాగంటే ఎలాగండీ, ముందు వకీలు," అని బావగారు. కెనడా సంగతి ఒకరు, హైదరాబాదులో ఇప్పుడు జీతాలు బాగున్నాయని ఒకరు, ఇల్లు అద్దెకిస్తే వాయిదాకు ఎంత తగ్గుతుందని ఒకరు. ఆయన అన్నిటికీ ఓపికగా తల ఊపారు. అవన్నీ ఆయన ఇరవై మూడు రోజులుగా తెల్లవారుజామున మూడింటికి లేచి ఆలోచించినవేనని నాకు తెలుస్తూనే ఉంది. మా ఆవిడ ఒక్కతే సలహా చెప్పలేదు. "పిల్లలకు తెలుసా?" అని అడిగింది.

"చెప్పలేదండీ. అందుకే మా ఆవిడ రాలేదు. పొద్దస్తమానం పిల్లల ముందు నవ్వీ నవ్వీ దవడలు నొప్పి పుడుతున్నాయంది. ఇక్కడికొచ్చి మళ్ళీ నవ్వలేనంది."

బల్ల మీద చాలాసేపు గరిటెల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ తరవాత మళ్ళీ చలి గురించే మాట్లాడుకున్నాం. అప్పటికి బయట 46 డిగ్రీలని ఎవరో చరవాణిలో చూసి చెప్పారు. చలి అనగానే ఈ ఊళ్ళో ఎవరికైనా 2021 గుర్తుకొస్తుంది. మాకు మరీను.

ఆ ఏడు ఫిబ్రవరి 16 శ్రీపంచమి. వసంతానికి స్వాగతం చెప్పే రోజు. డాలస్ విమానాశ్రయం దగ్గర ఆ ఉదయం మైనస్ 2 డిగ్రీలు, ఫారెన్‌హీట్‌లోనే మైనస్ 2. అంటే మన లెక్కలో మైనస్ 19. టెక్సాస్‌లో చాలా భాగానికి విద్యుత్తు సొంత వలయం నుంచే వస్తుంది, పొరుగు రాష్ట్రాల నుంచి పెద్దగా తెచ్చుకునే దారి లేదు. గ్యాసు గొట్టాలు, కేంద్రాలు గడ్డకట్టి ఉత్పత్తి పడిపోయింది. మొత్తం వలయం కుప్పకూలడానికి 4 నిమిషాల 37 సెకన్ల దూరంలో ఉండగా ఊళ్ళకు ఊళ్ళు ఆపేసి నిలబెట్టారు. 45 లక్షలకు పైగా ఇళ్ళూ, దుకాణాలూ చీకటైపోయాయి. 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వం తరవాత లెక్క చెప్పింది. మా ఇంట్లో రెండో రోజుకు లోపల 41 డిగ్రీలు. మా అబ్బాయికి మూడు చొక్కాలు తొడిగి రెండు రజాయిల కింద పెట్టాం. కొళాయిలు సన్నగా కారేలా వదిలి, ఆ చప్పుడు ఆగితే గొట్టం పగిలినట్టేనని రాత్రంతా చెవి అటే పెట్టి పడుకున్నాం.

బాపట్ల మిత్రుడి వీధికి మాత్రం కరెంటు పోలేదు. ఆసుపత్రికి వెళ్ళే తీగ మీదే ఆ వీధి కూడా ఉందట. అలాంటి తీగలను ఆపరు. ఆయన గొప్పా కాదు, అదృష్టమూ కాదు, తీగ అటువైపు వెళ్ళింది. కాని ఆయన చేసినది మాత్రం ఆయన గొప్పే. ఒక్కొక్కరికీ తానే ఫోను చేశారు. "మీరు రాకపోతే నేను రోడ్డు మీదికి రావాల్సి వస్తుంది, ఆ మంచులో నాకు కారు నడపడం రాదు," అన్నారు. నాలుగు మైళ్ళు వెళ్ళడానికి మాకు యాభై నిమిషాలు పట్టింది. ఆ ఇంట్లో మూడు రోజులు పదకొండు మందిమి ఉన్నాం. వాళ్ళు నలుగురు, నిజామాబాదు అన్న కుటుంబం నలుగురు, మేం ముగ్గురం. పెద్ద గిన్నెడు సాంబారు, అది అయిపోతే అందులోనే మరింత చింతపండు, మరిన్ని ముక్కలు. పిల్లలకు అదొక పండుగలా గుర్తుంది. ఇప్పటికీ సాంబారు పలచబడితే మా అబ్బాయి "బాపట్ల అంకుల్ సాంబార్" అంటాడు.

ఆ సాయంత్రం ఆయన ఎదురుగా కూర్చుని నేను ఒక్క విషయమే ఆలోచిస్తున్నాను. ఆనాడు పరుపు చుట్టా, బియ్యం సంచీ పట్టుకుని ఆయన గుమ్మంలో నిలబడినప్పుడు నాకు ఏ సిగ్గూ అనిపించలేదు. అన్నకూ అనిపించి ఉండదు. ఊరంతటికీ వచ్చిన కష్టంలో చెయ్యి చాచడానికి ఎవరూ సందేహించరు. ఉద్యోగం పోవడం అలా రాదు. ఒక్క ఇంటికే వస్తుంది. ఆ రోజున పక్కింట్లో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, ఎదురింటివాళ్ళు పచ్చికకు నీళ్ళు పెట్టుకుంటూనే ఉంటారు. అందుకే ఆనాడు మాకందరికీ తానే ఫోను చేసిన మనిషి ఇరవై మూడు రోజులు ఎవరికీ ఫోను చేయలేదు. మేమైనా, పుకారు చెవిన పడిన అన్నతో సహా, ఆయనకు ఫోను చేయలేదు. అడిగితే నొచ్చుకుంటారేమోనని. మర్యాద కూడా ఒక్కోసారి తలుపు వేసినట్టే ఉంటుంది.

భోజనం అయింది. ఇక బిల్లు.

మన తెలుగువారి బిల్లు యుద్ధాల గురించి ఎవరైనా ఒక పర్వం రాయాలి. చేతులు కడుక్కోవడానికి వెళ్తున్నట్టు లేచి గల్లా దగ్గర తేలేవారు కొందరు. బిల్లు పుస్తకాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చునేవారు కొందరు. "పోయినసారి మీరే ఇచ్చారు" అని లేని చరిత్రను సృష్టించేవారు కొందరు. ఇవి కాక వడ్డించేవాడి జేబులో ముందే కార్డు పెట్టే మహారథులు. ఇక్కడి పిల్లలకు ఇదంతా వింత. మా అబ్బాయి స్నేహితులు బర్గరు తిన్నా ఫోనులో ఒకరికొకరు ఎనిమిది డాలర్ల పాతిక సెంట్లు పంపుకుంటారు. అది న్యాయమే, కాదనను. కాని అందులో ఎవరికీ ఎవరూ బాకీ పడరు, బాకీ లేనిచోట మళ్ళీ కలవవలసిన అవసరం కూడా కొంచెం తగ్గుతుందని నా పాతకాలపు అనుమానం.

ఆ రోజు యుద్ధం విచిత్రంగా జరిగింది. నేను చేతులు కడుక్కునే నెపంతో లేచాను. గల్లా దగ్గరికి వెళ్ళేసరికి బావగారు అక్కడే సోంపు నములుతున్నారు. ఆయన చేతిలో కార్డు. మా వెనక నిజామాబాదు అన్న. ముగ్గురం ముగ్గురి కార్డులూ బల్ల మీద పెట్టాం. గల్లా దగ్గరి అమ్మాయి ముగ్గురినీ చూసి, "అయిపోయిందండీ. ఆ సార్ వచ్చినప్పుడే కార్డు ఇచ్చేశారు," అంది.

అన్నకు కోపం రావడం నేను చూశాను గాని అంత కోపం చూడలేదు. బల్ల దగ్గరికి వచ్చి నిలబడే అన్నారు. "మూడు రోజులు నీ ఇంట్ల తిన్నం. ఒక్క పూట బిల్లు కట్టనియ్యవా తమ్మీ? మేమేమన్న పరాయోళ్ళమా?"

"తిన్నది సాంబారేగా అన్నా."

"సాంబారో గీంబారో. గిప్పుడు నీకెందుకు ఖర్చు?"

బాపట్ల మిత్రుడు కుర్చీ వెనక్కి జరిపి లేచారు. గొంతు పెంచలేదు. "అన్నా, మీరు బిల్లు కడితే నాకు ఉద్యోగం పోయినట్టు. నేను కడితే మనం శనివారం భోజనానికి వచ్చినట్టు. ఇవాళ్టికి ఇలా ఉండనివ్వండి."

అన్న ఇంకేమీ అనలేదు. సోంపు గిన్నె తీసుకుని కిటికీ వైపు తిరిగారు. అన్న చేసినది తప్పని నేననను. ఆయన ప్రేమకు ఇవ్వడం ఒక్కటే తెలుసు. కాని బాపట్ల మిత్రుడి మాటే సరైనదని నాకు అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తోంది. ఆ పూట ఆయన దగ్గర మిగిలినది ఆ అతిథేయుడి పీట ఒక్కటే. దాన్ని కూడా లాక్కుని ఆయనకు ఉపకారం చేశామనుకోవడంలో ఉపకారం ఎవరికి?

బయటికి వస్తే 38 డిగ్రీలు. ఉత్తరపు గాలి పార్కింగు దీపాల స్తంభాలను ఊళలు వేయిస్తోంది. మూడు గంటల క్రితం మేం కూర్చున్న కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి గొలుసు వేసి ఉన్నాయి. అందరం భుజాలు ముడుచుకుని కార్ల వైపు పరుగెత్తాం. బాపట్ల మిత్రుడి కారు అందరికన్నా దూరంగా ఉంది. ఆయన పొట్టి చేతుల చొక్కా సంగతి మొదటే చెప్పాను. నవంబరు నుంచి మార్చి దాకా నా కారు డిక్కీలో ఒక గొడుగూ, ఒక ముతక స్వెట్టరూ పడి ఉంటాయి; ఈ ఊరు నేర్పిన జాగ్రత్త. స్వెట్టరు తీసి ఆయనకు ఇచ్చాను. మోచేతి దగ్గర చిన్న చిరుగు కూడా ఉంది.

ఆయన వద్దనలేదు. అక్కడే నిలబడి తొడుక్కున్నారు. మెడ దగ్గర కళ్ళజోడు ఇరుక్కుంటే నేను సరిచేశాను.

"వెచ్చగా ఉందండీ," అన్నారు.

"మీ కాగితం పంపండి. రేపు పొద్దున్నే," అన్నాను.

"ఈ రాత్రికే పంపుతాను."

పంపారు. రాత్రి పదకొండున్నరకు. దాన్ని నేను మా సంస్థలో ఇద్దరికి, మాజీ సహోద్యోగులు నలుగురికి పంపాను. బావగారు పదహారు మందికి పంపి ఆ పదహారు పేర్లూ మాకు వరుసగా చదివి వినిపించారు. అన్న ఎంతమందికి పంపారో చెప్పరు గాని, బుధవారం పొద్దున ఆయన భార్య ఫోను చేసి, ఈయన రెండు రోజులుగా ఆఫీసు పని చేస్తున్నట్టు లేదని నవ్వారు. మా ఆవిడ ఆదివారం మధ్యాహ్నం ఆ వదినగారి దగ్గరికి వెళ్ళి సాయంత్రం దాకా ఉండి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "నవ్వలేదు" అని మాత్రం చెప్పింది. ఆ రాత్రే పిల్లలకు చెప్పారట. పెద్దమ్మాయికి పది రోజుల కిందటే తెలుసట. నాన్న వారం మధ్యలో గరాజు సర్దడం చూసి.

ఆదివారం ఉదయం 29 డిగ్రీలకు దిగిన చలి మంగళవారానికి 70 అయింది. మా వీధి పియర్ పూలు అనుకున్నట్టే మాడిపోయాయి. కొన్ని కొమ్మలు సిగ్గు లేకుండా మళ్ళీ మొగ్గ తొడుగుతున్నాయి.

ఇది రాస్తున్న ఆదివారం ముప్పై ఒకటో రోజు. పంపిన కాగితాల్లో ఒకదానికి పిలుపు వచ్చింది, బావగారి పదహారు మందిలో పదకొండో వారి నుంచి. ఫోను మీద మొదటి విడత అయింది. రెండోది ఈ గురువారం, వాళ్ళ ఆఫీసులోనే, నాలుగు గంటలు. వీసా దరఖాస్తు తాము పెడతామని ముందే చెప్పారట, అంతవరకు నయం. వకీలు సందర్శకుడి దరఖాస్తు కూడా సిద్ధం చేసి పక్కన పెట్టారు.

నిన్న ఫోనులో స్వెట్టరు ఉతికి ఉంచానని, గురువారం తరవాత తెచ్చి ఇస్తానని అన్నారు. ఏప్రిల్ దాకా మీ దగ్గరే ఉంచమన్నాను.